జంతికలకు ఓవెన్, రాడ్లకు బకెట్టు

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి ఈ డెల్టాలో తడవనిది ఏదీ మిగలలేదు. చేలు తడుస్తాయి, గోడలు తడుస్తాయి, శ్రావణంలో అగ్గిపుల్ల కూడా తడుస్తుంది. అంతటితో తృప్తి చెందక మనవాళ్లు ఆ నీటిని వెల్డింగు రాడ్ల పూతలోకి కూడా మళ్లించారు. ఆయకట్టు పెరిగినందుకు సంతోషించాలి.

భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లే దారిలో, చేపల చెరువు గట్టున ఉన్న ఒక వెల్డింగు షాపులో మొన్న ఒక ఓవెన్ చూశాను. రాడ్లు కాల్చడానికి చేసిన అసలైన ఓవెన్. ఏదో పనికి ఒప్పంద పత్రంలో ఉండాలన్నారని కొన్నారట. తలుపు మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. లోపల కింది అరలో జంతికల డబ్బా. మధ్య అరలో యజమాని గారి క్యారియర్. పై అరలో చెరువులో పడి బతికి బయటపడ్డ సెల్‌ఫోన్లు రెండు, రోగుల్లా వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ముల్లు 60 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది. పప్పు మాడకూడదు కదా!

మరి రాడ్లు? గుమ్మం పక్కన, కాలిన ఇనుము ముంచే నీళ్ల బకెట్టుకు ఆనించి ఉన్నాయి. 7018 అని అంకె వేసిన, తడి అస్సలు తగలకూడని రకం రాడ్ల కట్ట, కవరు చించినది.

"ఎండబెడతాం మాస్టారూ. రేకు మీద పరిస్తే గంటలో పెళపెళలాడతాయి" అన్నాడు యజమాని.

వడియాల శాస్త్రం! కాకపోతే 7018 పూత పీల్చుకున్న నీరు వదలాలంటే సుమారు 300 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉండాలి. రోళ్లు పగిలే రోహిణి ఎండ కూడా అందులో ఆరో వంతుకు రాదు. కాల్చి తీసినవాటిని 120 డిగ్రీలకు తగ్గని వేడిలో దాచుకోవాలి, బయట పెట్టినవి నాలుగు గంటల్లో వాడెయ్యాలి. 6013 అనే రకం రాడ్లకి ఇంత మడి అక్కర్లేదు. 6010 రకాన్ని కాలిస్తే పాడవుతుంది, దాని పూతలో కాస్త తేమ ఉండాల్సిందే. ఇదంతా బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టిన కోడలిని మూడు తరాల పాటు చెప్పుకునే జాతి మనది. ఆ జాగ్రత్తలో పావు వంతు రాడ్డుకు చాలు.

  

పూతలోని తడి, రాడ్డు కొసన రగిలే కరెంటు మంట (ఆర్క్) వేడికి విడిపోయి హైడ్రోజన్‌గా ఉక్కులోకి దిగుతుంది. అతుకు పైకి ముచ్చటగా కనిపిస్తుంది. లోపల బుడగలు కడుతుంది. గట్టి ఉక్కయితే ఒకటి రెండు రోజులు ఆగి మరీ పగులుతుంది. నిరుడు మా వైపు ట్రాక్టరు తొట్టి కొక్కేనికి శనివారం వేసిన అతుకు, సోమవారం ధాన్యం బస్తాలతో కాలువ గట్టు మీద ఊడింది. తెగిన ముఖం నేను చూశాను, చీమలు తొలిచినట్టు అన్నీ రంధ్రాలే. బస్తాల మీద కూర్చున్న హమాలీ కాలు తీసేశారు. అతుకు వేసినాయన ఏమన్నాడో తెలుసా? "ఇనుములో దోషం" అన్నాడు. ఇనుములోనా దోషం! రెండు గంటలు స్విచ్చి వెయ్యడానికి చెయ్యి రాలేదు. కరెంటు బిల్లు మిగిలింది. ఆ బిల్లు కట్టింది ఎవరు? ఇద్దరు ఆడపిల్లల తండ్రి, మోకాలి దాకా.

ఇదంతా ఈ షాపు యజమానికి కూడా చెప్పాను. మర్యాదస్తుడు, ఆసాంతం విన్నాడు. "నిజమేనండీ, పాపం" అని, ఓవెన్ తలుపు తీసి డబ్బా బయటికి లాగాడు.

"తీసుకోండి మాస్టారూ. ఈ వానల్లో కూడా మెత్తబడలేదు చూడండి."