మిద్దె తోటకు కాలంతో పనిలేదా?

"పది కుండీలు చాలు, ఇక కూరగాయలు కొనక్కర్లేదు" అనే మెసేజ్ ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నాకే మూడు గ్రూపుల నుంచి వచ్చింది. అందులో చెప్పింది ఇదీ: ఏ విత్తనమైనా ఏ నెలలోనైనా వేయొచ్చు. టమాటా కాయ అడుగు నల్లబడితే ఎప్సమ్ సాల్ట్, గుడ్డు పెంకులు వేస్తే చాలు. పిందెలు రాలితే పుల్లమజ్జిగ చల్లాలి. రోజూ రెండు పూటలా నీళ్లు పోయాలి.

హైదరాబాద్‌లో మిద్దె మీద తొమ్మిదేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. ఇలాంటివి నమ్మి మొదలుపెట్టినవాళ్లు మొదటి ఎండాకాలానికే "నా చెయ్యి మంచిది కాదు" అని కుండీలు మూలన పడేస్తున్నారు. తప్పు వాళ్ల చేతిది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ పది కుండీల లెక్క చూద్దాం. కూరగాయలు, పండ్లు కలిపి మనిషి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో సగమే కూరగాయలనుకున్నా, నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు కావాలి. నా కుండీలో టమాటా మొక్క బాగా కాస్తే మొత్తం కాపు మీద రెండు మూడు కిలోలు ఇస్తుంది. పది కుండీలతో ఆకుకూరలకు, పచ్చిమిర్చికి, కరివేపాకుకు పెద్దగా వెతుక్కోకుండా గడిచిపోతుంది. నాకు అదే గొప్ప. అంతకు మించి ఆశపెట్టడం అన్యాయం.

ఇక "ఏ నెలలోనైనా" అన్న మాట. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మా పక్కింటి వదిన మార్చిలో చిక్కుడు గింజలు వేసింది. మే కల్లా తీగ పందిరంతా కమ్మేసింది. అరచేతంత ఆకులు, ఒక్క పువ్వు లేదు. ఎరువు వేసింది, కొనలు తుంచింది, చివరికి పీకేస్తానంది. నేనే ఆపాను. మన పాత పందిరి చిక్కుడు రకాలు పగటి పొద్దును చూసి పూస్తాయి. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు పదమూడు గంటలుంటే, డిసెంబరులో పదకొండుకు దిగుతుంది. పొద్దు తగ్గితే తప్ప ఆ తీగకు పూత రాదు. అనుకున్నట్టే దీపావళి దాటాక ఊదారంగు పూలగుత్తులు పైకి లేచాయి. సంక్రాంతికి కోసుకున్న కాయలు మా ఇంటికీ వచ్చాయి. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే మనకు ఈ కాలం లెక్క కొత్తదా? తొలకరికి గింజ వేస్తే చాలు. పొద్దుతో పనిలేకుండా కాసే పొద చిక్కుళ్లు కావాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్కా జయ్, అర్కా విజయ్ ఉన్నాయి. ఆ మెసేజ్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు.

టమాటాది వేరే కథ. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలిపోతుంది. మా మిద్దె మీద మే నెలలో ఏ మందు చల్లినా ఆగదు. ఆ రోజుల్లో నేను తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడుతో సరిపెట్టుకుంటాను. మృగశిర వెళ్లి వానలు పడ్డాక బీర, సొర, కాకర, పొట్ల. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సెప్టెంబరులో పోసి, క్యారెట్, ముల్లంగి, మెంతి చలి మొదలయ్యే ముందు వేస్తాను.

ఎప్సమ్ సాల్ట్ సంగతి. టమాటా కాయ అడుగున తోలులా అణిగిన నల్లమచ్చ వస్తుంది చూడండి, అది కాయకు కాల్షియం అందక వచ్చేది. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. అందులో కాల్షియమే లేదు. పైగా మెగ్నీషియం ఎక్కువైతే వేళ్ల దగ్గర కాల్షియంకు అడ్డుపడుతుంది. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే, అప్పుడు ఎప్సమ్ సాల్ట్ పనికొస్తుంది. మరి గుడ్డు పెంకులు? కిందటేడు కుండీ మట్టి తిరగేస్తుంటే ఆర్నెల్ల కింద వేసిన పెంకులు వేసినవి వేసినట్టే చేతికి తగిలాయి. కంపోస్టులో వేయండి, మంచిదే, కానీ ఈ కాపుకు అందవు. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, దాన్ని కాయ దాకా మోసే నీరే సమంగా ఉండదు. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు బకెట్ పోస్తే ఆ మచ్చ వస్తుంది. కుండీ మీద ఎండుటాకులు కప్పి, తడి ఒకే తీరుగా ఉంచితే తర్వాతి కాయలు శుభ్రంగా వస్తాయి. నల్లబడ్డ కాయ మాత్రం బాగవదు, తెంపేయండి.

పిందెలకు మజ్జిగ అనవసరం. సొర, బీర, కాకర పిందెలు పసుపెక్కి రాలుతుంటే ముందు అనుమానించాల్సింది పరాగసంపర్కాన్ని. మిద్దె మీదికి తేనెటీగలు తక్కువగా వస్తాయి. మగపువ్వు తెంపి, దాని పుప్పొడిని కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దండి. కాకరకు పొద్దున, బీర, సొరలకు సాయంత్రం, పువ్వు విచ్చినప్పుడు.

రెండు పూటలా నీళ్లన్నది నడివేసవిలో చిన్న కుండీలకు సరే. జూలైలోనూ అలాగే పోస్తే వేళ్లకు గాలి ఆడక కుళ్లుతాయి. మొక్క మిట్టమధ్యాహ్నం వాడి, సాయంత్రానికి లేచిందంటే అది ఎండ దెబ్బే, దాహం కాదు. పొద్దున కూడా వాలిపోయే ఉంటే వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి చూడండి. పొడిగా తగిలితే నీళ్లు పోయండి. తడిగా తగిలితే చెంబు పక్కన పెట్టి, కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి.