గరిష్ఠ ఎత్తులోనూ త్వరణం ఉంటుంది

తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం చలన సమీకరణాలను వివరించిన ఈ వ్యాసం చాలావరకు స్పష్టంగా ఉంది. అయితే, నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తులో క్షణకాలం ఆగుతుంది కాబట్టి అక్కడ దాని త్వరణం (వేగం మారే రేటు) కూడా సున్నా అవుతుందన్న వాక్యాన్ని తప్పనిసరిగా సవరించాలి.

సెకనుకు 19.6 మీటర్ల వేగంతో విసిరిన బంతినే తీసుకుందాం. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, అది సరిగ్గా 2 సెకన్లలో 19.6 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 1.9 సెకన్ల వద్ద దాని వేగం పైవైపుకు సెకనుకు 0.98 మీటర్లు, 2.1 సెకన్ల వద్ద కిందివైపుకు అంతే. అంటే ఆ 0.2 సెకన్లలో వేగంలో వచ్చిన మార్పు 1.96, దాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది మళ్లీ అదే గురుత్వ త్వరణం, 9.8. నిజంగానే అక్కడ త్వరణం సున్నా అయి ఉంటే, వేగం మారడానికి కారణమే ఉండదు గనుక బంతి గాలిలోనే నిలిచిపోవాలి.

విసిరిన బలం బంతిలో కొంతసేపు మిగిలి ఉండి, పైన గురుత్వ బలంతో సమానమవుతుందని చాలామంది పిల్లలు ఊహించుకుంటారు. నాకు తెలిసి అసలు చిక్కు ఇక్కడే ఉంది. చేతిని వీడిన క్షణం నుంచి బంతిపై పనిచేసేది గురుత్వ బలం ఒక్కటే, అదీ ఎప్పుడూ కిందికే. దీనికి వేగం–కాలం గ్రాఫును జతచేయవలసిందిగా రచయితను కోరుతున్నాను. 2 సెకన్ల వద్ద కాలాక్షాన్ని దాటేటప్పుడు కూడా ఆ సరళరేఖ వాలు, అంటే త్వరణం, మారకపోవడాన్ని విద్యార్థులు కళ్లారా చూడగలుగుతారు.