రేడియో చావలేదు నాయనా, చూసే ఓపికే మీకు లేదు

ఇప్పుడే జనరల్ ప్యాటర్స్ రోడ్డు నుంచి ఇంటికొచ్చాను. చొక్కా చెమట కూడా ఆరలేదు, అయినా రాయకపోతే రాత్రికి నిద్ర పట్టదు.

మా ప్రీమియర్ పద్మిని కారులో పాత ట్రాన్సిస్టర్ రేడియో, దానికో ఏరియల్ (సిగ్నల్ పట్టే యాంటెనా కడ్డీ) బిగించమని ఒక షాపులో అప్పజెప్పి టీ తాగొచ్చాను. అంతలోనే షాపు కుర్రాడి తీర్పు రెడీ. "రేడియో డెడ్ సార్. ఇదెల్లాం వేస్టు. లోపలున్నదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టేస్తా, పైకి పాతదానిలాగే ఉంటుంది."

డెడ్ అంట! నిన్న రాత్రి నా టేబుల్ మీద హాయిగా పాడిన రేడియో. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, కారు బాడీకి బ్యాటరీ ఏ కొస కలుస్తుందో దాన్నిబట్టి మార్చుకునే వెనకున్న ఎర్త్ ప్లగ్ పాజిటివ్ మీదుంటే నెగెటివ్‌కి తిప్పి, స్పీకర్ తగిలించి, ఫ్యూజు పెట్టి, అప్పుడు కరెంటిచ్చాను. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బాడీకి కలిసేది పాజిటివ్. అది చూసుకోకుండా మన కారులో బిగిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు నిమిషంలో గోవిందా. ఇంత చేసి ఇస్తే, వీడు మల్టీమీటర్ కూడా తీయకుండా డెత్ సర్టిఫికెట్ రాసేశాడు.

వంగి చూద్దును కదా, ఏరియల్‌కి లాగింది టీవీ కేబుల్! మీడియం వేవ్‌కి, అంటే పాత ఏఎం రేడియోకి, ఆ ఏరియల్ కడ్డీ అంటే పదో పదిహేనో పికోఫారడ్ల కెపాసిటర్, అంతే. టీవీ కేబుల్ ఒక్క మీటరుకే యాభై అరవై ఉంటుంది. కడ్డీ పట్టిన కాస్త సిగ్నల్‌ని కేబులే మింగేస్తే రేడియోకి మిగిలేదేంటి, బూడిద? కారు ఏరియల్ కేబుల్ సన్నటి తీగతో, దాదాపు సగం కెపాసిటెన్స్‌తో వేరేగా చేసేది అందుకే. పైగా ఫెండర్ కింద పెయింటు గీకలేదు. బేస్ బాడీకి తగలకపోతే ఎర్త్ ఎక్కడి నుంచొస్తుంది? కడ్డీ కొస నుంచి ప్లగ్ మధ్య పిన్నుకి కంటిన్యుటీ (తెగని కరెంటు దారి) ఉండాలి, పిన్నుకీ బయటి తొడుగుకీ ఉండకూడదు, తొడుగుకీ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ ఒక ఓమ్ లోపు ఉండాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల్లో వాడు రీల్స్ చూశాడు.

డిక్కీలో ఉన్న నా పాత ఏరియల్ తెచ్చి, బేస్ చేత్తో బాడీకి అదిమిపట్టి ప్లగ్ గుచ్చాను. 720 కిలోహెర్ట్జ్ పలికింది! ఆలిండియా రేడియో, మన చెన్నై ఎ స్టేషను. 1938లో మద్రాసు స్టేషను మొదలైంది, పదేళ్ల తర్వాత 1948లో బెజవాడకి స్టేషను వచ్చేదాకా మద్రాసు రాష్ట్రంలోని తెలుగువాళ్లకి రేడియో అంటే ఈ ఊరే. ఆ సంగతి చెబితే షాపు ఓనరు, మన నెల్లూరువాడే, "ఏఎంలో ఇప్పుడేముందన్నా" అన్నాడు. ఏమీ లేదు నాయనా. నీ షాపు గుమ్మానికి వేలాడే ఎల్‌ఈడీ లైట్ల గోల మాత్రం వినిపిస్తోంది, స్టేషను కంటే గట్టిగా.

ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఒకటే టకటకలు. కుర్రాడి సలహా వినండి: "ఇంజిన్ ఆఫ్ చేసి వినండి సార్." అంటే కారు రేడియో వినడానికి కారు నడపకూడదు. బాగుంది! టకటక అంటే ఇగ్నిషన్ గోల, ఆక్సిలరేటర్‌తో పాటు పెరిగే ఈల అంటే డైనమో గోల. కాయిల్‌కి స్విచ్ వైర్ వచ్చే వైపు ఒక సప్రెసర్ కండెన్సర్ (గోల అణిచే కెపాసిటర్), స్పార్క్ ప్లగ్గులకి సప్రెసర్ క్యాపులు పెడితే చాలావరకు తగ్గుతుంది. వీడి పెట్టెలో కండెన్సర్ లేదు. బ్లూటూత్ బోర్డులు మాత్రం డబ్బాల కొద్దీ ఉన్నాయి.

ఆఖరి మెట్టు, ఏరియల్ ట్రిమ్మర్, అంటే కడ్డీకీ రేడియోకీ జత కుదిర్చే స్క్రూ. కడ్డీ పూర్తిగా లాగి, డయల్ మీద 1400 దగ్గర సన్నగా వినిపించే స్టేషను పట్టుకుని, గట్టిగా వినిపించేదాకా ఆ చిన్న స్క్రూ తిప్పాలి. దానికసలు మూతే తీయలేదు. "అది వెంట్ హోల్ అనుకున్నా సార్."

ఇదంతా భరించేవాణ్ణే. వెళ్లేముందు ఆ కుర్రాడు డ్యాష్‌బోర్డుకేసి చూసి, "దీన్నెవరు సార్ ఇంత ఘోరంగా కోసింది?" అన్నాడు. అక్కడ తగిలింది.

మా చిన్నమామయ్య! క్యాసెట్లు జోరుగా ఉన్న రోజుల్లో, నాన్నగారు ఊళ్లో లేని పూట, క్యాసెట్ ప్లేయర్ పట్టలేదని హాక్సా బ్లేడుతో డ్యాష్‌బోర్డు కోసేశారు. కంపెనీ కంతలో కుదురుగా కూర్చున్న అసలు రేడియోని పాత పేపర్లవాడికిచ్చి స్టీలు గిన్నె తీసుకున్నారు. నాన్నగారు ఒక్క మాటనలేదు, అత్తింటివాళ్లు కదా. ఆ కంత మూయడానికి నేను వేయించిన రేకు ఇప్పటికీ గతుకు రోడ్డు మీద దడదడలాడుతుంది. ఆ గిన్నెలో అత్తయ్య ఇప్పటికీ పెరుగు తోడుపెడతారు, పండక్కి వెళ్తే నాకే వడ్డిస్తారు.

మామయ్యా, నా ప్రతి పోస్టుకీ చదవకుండానే లైక్ కొడతారు మీరు. దీనికి కొట్టకండి.