సుంకి ఘాటీ ఎక్కేది ఏ ఇంజను?

ఒడిశాలోని కొరాపుట్, జయపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కారంటే సగం విశాఖ ప్రయాణమే. ఆసుపత్రి పనైనా, పెళ్లి బట్టలైనా, పిల్లల కాలేజీ అయినా 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సుంకి దాటి సాలూరుకు దిగాలి, మళ్లీ అదే ఘాటీ, అంటే మలుపుల కొండదారి, ఎక్కాలి. కారు కొనే రోజున మాత్రం ఆ ఘాటీ ఎవరికీ గుర్తుకు రాదు. మైలేజీ ఎంత అని అడుగుతారు. లీటరుకు పాతిక అనగానే అడ్వాన్సు ఇచ్చి వస్తారు.

ఆ పాతిక ఎక్కడిదో తెలిస్తే అంత సంబరపడరు. కారును రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, గంటకు 90 కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపి తేల్చిన సంఖ్య అది. అందులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు, వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లూ లేరు, డిక్కీలో బియ్యం బస్తా అసలే లేదు.

ఎత్తుకు అయ్యే ఖర్చు లెక్కగట్టడం కష్టమేమీ కాదు. కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు నుంచి 700 మీటర్లకు పైగానే పైకి వెళ్లాలి. మనుషులతో కలిపి 1,400 కిలోల కారును అంత ఎత్తుకు చేర్చడానికి దాదాపు 96 లక్షల జౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోలులో మూడు కోట్ల ఇరవై లక్షల జౌళ్లు ఉన్నా, ఇంజను చక్రాలకు అందించేది అందులో మూడో వంతు లోపే. అంటే రోడ్డు మీద దూరానికి అయ్యే ఖర్చు కాక, కేవలం ఎత్తు కోసం మరో లీటరు. పైగా ఇప్పుడు మనం పోయించుకునే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. దాని శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి, మైలేజీలో ఆరేడు శాతం కోత అక్కడే పడుతుంది.

ఇక లాగే శక్తి సంగతి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లోని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనుది దాదాపు 80 హార్స్ పవర్, టార్క్ (ఇంజను తిప్పే బలం) 112 న్యూటన్ మీటర్లు. పాత స్విఫ్ట్ 1.3 లీటర్ల డీజిలుకు హార్స్ పవర్ అంతకంటే తక్కువే, 74. టార్క్ మాత్రం 190. అసలు తేడా ఇంకొకటుంది. డీజిలు ఆ టార్క్‌ను 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే ఇచ్చేది, ఈ పెట్రోలు ఇంజను తన 112 ఇవ్వాలంటే 4,300 దాకా అరవాలి. ఆ అరుపు మనవాళ్లకు భయం. ఇంజను పాడైపోతుందేమోనని మూడో గేరు వేస్తారు. మలుపులో లారీ వెనక బండి నీరసించిపోతుంది. అప్పుడు తప్పు కారుదంటారు. అదే కారును రెండో గేరులో ఉంచి అరవనిస్తే సుంకి హాయిగా ఎక్కుతుంది. అరవడానికే దాన్ని తయారు చేశారు మరి.

అరుపు పడనివారికి చిన్న టర్బో పెట్రోలు ఉంది. మారుతి ఫ్రాంక్స్‌ కారులోని ఒక లీటరు టర్బో 2,000 ఆర్‌పీఎం నుంచే 147 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. కొండ మీద దానికి ఇంకో లాభం. కొరాపుట్ ఎత్తులో గాలి సుమారు 8 శాతం పలచన. మామూలు ఇంజను ఆ మేరకు బలం కోల్పోతుంది, టర్బో గాలిని నొక్కి లోపలికి పంపి ఆ లోటు పూడ్చుకుంటుంది. అయితే నిండు బరువుతో ఎక్కేటప్పుడు పెట్రోలు బాగానే తాగుతుంది. ఘాటీ ఎక్కి పొట్టంగిలో టీ కోసం ఆగితే వెంటనే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజను నడవనివ్వాలి, లేకపోతే వేడెక్కిన టర్బోకు నూనె అందడం ఆగిపోతుంది.

డీజిలు మీద మా ప్రాంతంలో ఉన్న భక్తి వేరు. కొండకు డీజిలే అన్నది తాతల నాటి మాట. క్రెటా 1.5 డీజిలు 1,500 ఆర్‌పీఎం నుంచే 250 న్యూటన్ మీటర్లు ఇస్తుందంటే ఆ మాటలో అబద్ధం లేదు. కానీ 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యానికి కళ్లెం వేసే బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిలు పాత డీజిలు కాదు. మారుతి అప్పుడే డీజిలు కార్లు మానేసింది. మిగిలినవాటి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు చేరింది. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. జయపురంలో మా మేనమామ ఇంటికీ దుకాణానికీ మధ్య రెండు కిలోమీటర్లు. డీజిలు కొన్న ఏడాదికే ఫిల్టరు దీపం వెలిగింది. వారం వారం విశాఖ వెళ్లేవారికి ఈ బాధ లేదు, ఘాటీయే ఆ ఫిల్టరును శుభ్రం చేసి పెడుతుంది.

సీఎన్‌జీ గురించి ఎక్కువ చెప్పను. అదే స్విఫ్ట్ సీఎన్‌జీ మీద నడిస్తే టార్క్ 112 నుంచి 102కు పడిపోతుంది, సిలిండరు డిక్కీని మింగుతుంది. హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుకు బ్యాటరీ మోటారు తోడైన కారు) మీద మాత్రం ఒక అపోహ ఉంది, దిగేటప్పుడు బ్యాటరీ నిండి ఖర్చంతా తిరిగొస్తుందని. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం ఒక యూనిట్ కూడా లేదు, 0.76 మాత్రమే. ఘాటీ ఎత్తులో ఉన్న శక్తిలో మూడో వంతు కూడా అందులో పట్టదు.

నన్నడిగితే, నెలకోసారి విశాఖ వెళ్లే కుటుంబానికి మామూలు 1.2 పెట్రోలు, రెండో గేరంటే భయం లేని చేయి చాలు. నెలకు నాలుగైదుసార్లు నిండు కారుతో ఎక్కేవారు టర్బో చూసుకోవచ్చు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరగనివారు డీజిలు జోలికి పోకపోవడమే మేలు.

దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే ఆదా అన్న నమ్మకం మాత్రం ఏ ఇంజను కొన్నవారినీ వదలడం లేదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజను ఆరిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఈ సంగతి మా మేనమామకు మూడుసార్లు చెప్పాను. సాలూరులో ఆయన కారు ఆపగానే ఇప్పటికీ కాలిన బ్రేకుల వాసనే ముందు దిగుతుంది.