కంచం ముందు కొలువుదీరిన ఫోను గారికి

మహారాజశ్రీ ఫోను గారికి,

ఈ మధ్యాహ్నం తమరి చార్జింగు 2 శాతానికి పడిపోయింది. రెండేళ్ల పిల్లాడి నోరు ఠక్కున మూతపడింది. పెరుగన్నం ముద్ద బుగ్గనే ఉండిపోయింది. చార్జరు వైరు వంటింటి దాకా రాదు కాబట్టి పీట, కంచం, మంచినీళ్ల గ్లాసు, తినిపించే అమ్మ అంతా కలిసి హాల్లో ప్లగ్గు దగ్గరికి తరలివెళ్లారు, పెళ్లివారు విడిదికి వెళ్లినట్టు. ఆ వైభవం చూశాక తమరికి ఒక ముక్క రాయకపోతే బాగుండదనిపించింది.

తమరుంటే గిన్నె ఖాళీ అవుతుందని ఇంటిల్లిపాదీ నమ్మకం. అవుతుంది మరి! కళ్లు బొమ్మల మీదుంటే, పెదవికి చెంచా తగలగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నమలడం ఉండదు. మధ్యలో నవ్వొస్తే పొలమారుతుంది. కడుపు నిండితే మొహం తిప్పేసుకోవడం చంటిపిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేని విద్య. దాన్ని కూడా మరిపించేశారు. అరగంటలో అయిపోవాల్సిన భోజనం గంటన్నర సాగుతుంది.

పోనీ తిండి సంగతి వదిలేద్దాం. అన్నం పెట్టడమంటే రోజుకు మూడు పూటలా నడిచే మాటల బడి. "ఉఫ్ ఉఫ్, కాలుతుంది", "ఇదిగో నెయ్యి". వాడు "ఊఁ" అంటే "ఇంకా కావాలా నాన్నా?" జవాబొస్తేనే కదా రెండో "ఊఁ"! మీరేం చేస్తారు? "ఇది ఏ రంగు?" అని అడుగుతారు, రెండు సెకన్లు ఆగుతారు, వాడు నోరు విప్పకపోయినా "వెరీ గుడ్" అనేస్తారు. 2003లో అమెరికాలో, పిల్లలు మాటలు నేర్చే తీరును పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం 9 నెలల పిల్లలకు 12 దఫాలు మాండరిన్ (చైనా భాష) వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే తెర మీద చూపిస్తే ఏమీ ఒంటబట్టలేదు. రెండేళ్లలోపు మీరు అసలే వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు గంట మించొద్దని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది. డాలస్‌లో ఉన్న అమ్మమ్మ వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు. ఆవిడ జవాబిస్తుంది మరి.

ఎవరూ చూడకపోయినా మోగే మీ అన్నగారు టీవీకి, "మగపిల్లలకు మాటలు లేటే" అనే పిన్నిగారికి విడిగా రాస్తాం.

ఇక గారూ లేదు, గీరూ లేదు. ఆటిజం నీ వల్లే వస్తుందని నీమీద నింద వేయం, అది నిజం కాదు. కానీ పేరు పెట్టి పిలిస్తే పిల్లాడు తిరగకపోతే, "వీడియోలో ఉన్నాడులే" అనే సాకు నువ్విచ్చావు. ఆ సాకు మాటున వినికిడి పరీక్ష నెలల తరబడి వాయిదా పడింది. రెండేళ్లకు "అమ్మా దా" లాంటి రెండు మాటల జోడీ కూడా రాకపోతే డాక్టరుకు చూపించకుండా ఆగకూడదు. ఇంట్లోవాళ్లు ఆగింది నీవల్లే.

నిన్ను దింపడం కష్టమే గానీ తెలియని విద్య కాదు. ముందు పొద్దుటి టిఫిన్ ఒక్కటే. దానికి రెండు గంటల ముందు నుంచి పాలూ బిస్కెట్లూ బంద్. పిల్లాడికి వేరే కంచం, పెద్దవాళ్ల పక్కనే పీట. ఒంటినిండా పూసుకున్నా సరే. అరగంటకు కంచం తీసేయాలి, బతిమాలకూడదు. మూడో రోజు ఏడుపు తారస్థాయికి వెళ్తుంది, సరిగ్గా అప్పుడే నానమ్మ కొంగుచాటు నుంచి నువ్వు బయటికొస్తావు. ఎంతసేపు ఏడిస్తే ఫోను వస్తుందో వాడికి లెక్క దొరికిపోతుంది. మళ్లీ మొదటి రోజే.

ఈసారి నానమ్మతో ముందే మాట్లాడుకున్నారు. నీ చార్జరు హాల్లోనే ఉంటుంది. వైరు మీటరే, వంటింటి దాకా రాదు.