జ్వరం తగ్గింది, రంది తగ్గలేదు

2021 మే నెలలో మా చిన్నాయన కరోనాతో పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. రిపోర్టు నెగెటివ్. ఊరంతా గండం గడిచిందనుకుంది. కానీ రాత్రి రెండింటికి లేచి కూర్చునేవాడు. పక్క బెడ్డు మనిషిని తీసుకుపోయిన చప్పుడు వినిపిస్తుందనేవాడు. ఫోన్ మోగితే బుగులు. పత్తి చేను దిక్కు పోబుద్ధి అయితలేదనేవాడు. నీరసమనుకుని చిన్నమ్మ ఆర్‌ఎంపీ దగ్గర రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించింది. నిద్ర మాత్రం రాలేదు. డిశ్చార్జి కాగితంలో మందులున్నాయి, పథ్యం ఉంది. నిద్ర గురించి, భయం గురించి ఒక్క ముక్క లేదు.

ఇది ఒక్క మా ఇంటి కథ అనుకోవడానికి లేదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో 2.36 లక్షల మంది కొవిడ్ రోగుల రికార్డులు చూశారు. చాలావరకు అమెరికావి. ఆరు నెలల్లో దాదాపు 34 శాతం మందికి మెదడుకో మనసుకో సంబంధించిన సమస్య నమోదైంది. ఐసీయూ దాకా వెళ్లినవారిలో 46 శాతం. కొందరికి అది పాత సమస్యే. 13 శాతం మందికి మాత్రం అలాంటిది నమోదు కావడం అదే మొదటిసారి.

కారణాలు ఒళ్లులోనూ ఉన్నాయి, వార్డులోనూ ఉన్నాయి. వైరస్‌తో పోరాడేటప్పుడు పుట్టే వాపు ప్రభావం మెదడు దాకా పోవచ్చు. ప్రాణం కాపాడే స్టెరాయిడ్లే కొందరికి నిద్ర చెడగొడతాయి. ఐసీయూలో మగత, పీడకలలు, అయినవాళ్ల మొహం కనిపించని రోజులు. వానాకాలంలో వచ్చే డెంగీ, చికున్‌గున్యా తర్వాత కూడా నీరసం, నొప్పులు వారాలు, నెలలు లాగితే మనిషి లోపల కుంగిపోతాడు.

పాలమూరు లేబర్‌కు ఒళ్లే ఆస్తి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె పోయేవాడు ‘మనసు బాగలేదు’ అంటే పని పోతుంది. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే ఆ మాట అసలే బయటికి రాదు. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరెత్తితేనే పిచ్చి ముద్ర పడుతుందని టెన్షన్. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తుంటే, అంత కంటికి కనబడే బాధను పట్టించుకోవడానికే దశాబ్దాలు పట్టింది. కనబడని బాధను ఎవరు అడగాలి?

నా మాట ఒక్కటే. తీవ్రమైన వైరల్ జబ్బు తర్వాత మనసును చూడటం కూడా ఆ వైద్యంలో భాగమే. పెద్ద భవనాలు కట్టనక్కర్లేదు. జ్వరం సర్వేకు వచ్చే ఆశా అక్క నెల తర్వాత మళ్లీ వచ్చి ‘నిద్ర పడుతుందా, రంది ఏమన్నా ఉందా, పనికి పోబుద్ధి అవుతుందా’ అని అడగాలి. ‘డిప్రెషన్ ఉందా’ అంటే మావాళ్లు లేదనే చెప్తారు. రెండు వారాలు దాటినా బుగులు, నిద్రలేమి పోకపోతే నల్గొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మానసిక వైద్యులున్నారు, పంపాలి. మానసిక వైద్యం పొందే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనకిచ్చింది.

చిన్నాయనను అక్కడికి తీసుకుపోయేసరికి ఐదు నెలలు దాటింది. అది మా తప్పే. మీరు అంత ఆగకండి. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. జబ్బుపడ్డ మనిషి చేయనంటే ఇంట్లోవాళ్లు చేయొచ్చు. ‘బతకాలని లేదు’ అన్న మాట వినిపిస్తే మాత్రం ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోండి.