ఫోను ఉంటే డాక్యుమెంటరీ అయిపోతుందా? ఆ వాట్సాప్ మెసేజ్‌కు నా జవాబు

ఈమధ్య బెజవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. డాక్యుమెంటరీలు తీసేవాళ్ళ గురించి అసలు నిజాలివీ అంటూ అందులో ఐదు మాటలున్నాయి. ఫోను ఉంటే శని, ఆదివారాల్లో ఎవరైనా డాక్యుమెంటరీ తీసేయొచ్చు. ఉన్నది ఉన్నట్టు చూపించడమే కాబట్టి అందులో దర్శకుడు చేసేదేమీ ఉండదు. సినిమాల్లో ఛాన్సులు రానివాళ్ళే ఇటు వస్తారు. పేదరికం చూపించి విదేశీ డబ్బు తెచ్చుకుంటారు. ఇంతా చేసి, వాటిని ఎవరూ చూడరు.

నేను విజయవాడలో వీడియో ఎడిటర్ని. ఇల్లు గడిచేది పెళ్ళి వీడియోలతో, కంపెనీల ప్రచార వీడియోలతో. మధ్యలో వీలైనప్పుడల్లా డాక్యుమెంటరీలకు పనిచేస్తాను. జర్నలిజం, విజువల్ కమ్యూనికేషన్ చదువుకుంటున్న పిల్లలు ఈ మెసేజ్ చూపించి "నిజమేనా అన్నా?" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఫోను సంగతి ముందు చూద్దాం. ఫోనుతో తీయడం తప్పు కాదు. 2013లో ఆస్కార్ గెలిచిన 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' దర్శకుడు ఫిల్ముకు డబ్బులు చాలక చివరి కొన్ని షాట్లు ఐఫోన్‌లో ఒక యాప్‌తో తీశాడు. కానీ ఆ షాట్ల వెనక ఏళ్ళ తరబడి చేసిన వెతుకులాట ఉంది. మెసేజ్ రాసినవారు ఫోనునే చూశారు, ఆ ఏళ్ళను చూడలేదు. ఇక ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాడిగా ఒక మాట చెప్పాలి. ఫోను వీడియోలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలన్నది, మామూలుగా నిలకడగా ఉండదు. విడిగా రికార్డు చేసిన ఆడియోతో కలిపితే కాసేపటికి పెదవుల కదలిక ఒకచోట, మాట ఒకచోట పడతాయి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు. ముసలమ్మ మాట గాలి హోరులో కలిసిపోతే మాత్రం ఆ ఇంటర్వ్యూ ఇక పనికి రాదు. అందుకే తెలిసినవాళ్ళు కెమెరా అద్దె తగ్గించుకుని అయినా మంచి కాలర్ మైకు తెచ్చుకుంటారు.

శని, ఆదివారాల్లో అయిపోతుందన్న మాటకు 'హనీల్యాండ్' ఒక్కటి చాలు. ఉత్తర మాసిడోనియా కొండల్లో తేనె తీసుకుని బతికే ఒక మహిళ మీద తీసిన డాక్యుమెంటరీ అది. మూడేళ్ళు తీశారు. నాలుగు వందల గంటలకు పైగా ఫుటేజ్‌లోంచి గంటన్నర మిగిల్చారు. మిగతా గంటలన్నీ చూసి, రాసుకుని, వదులుకోవడం కూడా పనే. ఆ పనికే నెలలు పడతాయి.

రెండో మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలట. మన ఊళ్ళోనే జరిగినదాన్ని తీసుకుందాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచేసింది. పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట అన్నీ నీళ్ళలోనే. మేడల మీద నుంచి, పడవల్లోంచి, ట్రాక్టర్ల మీద నుంచి జనం ఎన్ని వేల వీడియోలు తీసి ఉంటారో లెక్కలేదు. అవన్నీ ఉన్నది ఉన్నట్టు తీసినవే. వాటన్నిటినీ వరసగా పెట్టి చూసినా, నీళ్ళు ఎందుకొచ్చాయో మాత్రం తెలియదు.

ఎందుకంటే కారణం సింగ్ నగర్‌లో లేదు. బుడమేరు నీళ్ళు మామూలుగా కొల్లేరుకు పోవాలి. వరద ఎక్కువైతే కొంత నీటిని వెలగలేరు దగ్గర్నుంచి మళ్ళింపు కాలువలో పంపి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ వానలకు ఆ కాలువకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా పొంగింది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత ఎత్తున నది నిండిపోయి ఉంటే కాలువ నీళ్ళు నదిలోకి పోలేవు. రెండు వైపుల నుంచీ దారి మూసుకుపోయిన నీళ్ళు జనం ఇళ్ళలోకి వచ్చాయి. ఈ సంగతి తెలియాలంటే ఎవరో ఒకరు కెమెరా పట్టుకుని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి వెళ్ళాలి. గండ్లు పడ్డ గట్టు మీద నడవాలి. నీటిపారుదల శాఖలో కాలువలు, గేట్లు చూసుకుని రిటైరైన లస్కర్లతో మాట్లాడాలి. వాగు పక్కన ఇళ్ళు ఎప్పుడు లేచాయో, ఆ స్థలాలు ఎవరు అమ్మారో కాగితాలు తిరగేయాలి. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ సింగ్ నగర్ వెళ్ళి, ఫ్రిజ్జూ మంచమూ పిల్లల సర్టిఫికెట్లూ పోయిన ఇల్లు ఎలా ఉందో చూడాలి. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఎవర్ని అడగాలి, దేని తర్వాత దేన్ని చూపించాలి అన్నది నిర్ణయించేవాడే దర్శకుడు. అందులో నిజాయితీ తప్పడానికి కూడా అంతే చోటుంది. అందుకే ఆ పనికి మనిషి పేరు పెట్టి, బాధ్యత అతని మీద పెడతారు.

సినిమాల్లో ఛాన్సులు రానివాళ్ళు అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. శ్యామ్ బెనెగల్ 1974లో 'అంకుర్' తీసేనాటికే ఎన్నో యాడ్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు తీసి ఉన్నారు. పేరొచ్చాక కూడా మానలేదు. నెహ్రూ మీద, సత్యజిత్ రాయ్ మీద డాక్యుమెంటరీలు చేశారు. మన బి. నర్సింగరావు 'రంగుల కల' తీశాక 'మా ఊరు' అనే డాక్యుమెంటరీ తీసి జాతీయ అవార్డు అందుకున్నారు. పాయల్ కపాడియా 2021లో ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో డాక్యుమెంటరీలకిచ్చే గోల్డెన్ ఐ అవార్డు అందుకుని, 2024లో కథాచిత్రానికి అక్కడే గ్రాండ్ ప్రి గెలిచారు. వీళ్ళు ఇటూ అటూ తిరుగుతూనే ఉన్నారు.

పేదరికం అమ్ముకుంటారన్న మాటను మాత్రం తేలిగ్గా కొట్టిపారేయను. అలాంటివాళ్ళు ఉన్నారు. ఒక పూట వచ్చి, ఏడుస్తున్న ముఖాన్ని దగ్గరగా తీసుకుని, పేరు కూడా అడక్కుండా వెళ్ళిపోయేవాళ్ళను నేనూ చూశాను. ఆ ఫుటేజ్ నా దగ్గరికి వచ్చినప్పుడు, ఆ ఏడుస్తున్న మనిషికి తన బొమ్మ ఎక్కడ వేస్తారో తెలుసా అని అడుగుతాను. సంతకం పెట్టిన సమ్మతి కాగితం ఉంటే సరిపోదు, ఆ కాగితంలో ఏముందో చదివి వినిపించారా అన్నది ముఖ్యం. అయితే అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ 1985లో బొంబాయి మురికివాడల మీద 'బాంబే అవర్ సిటీ' తీసినప్పుడు అందులో విలాస్ ఘోగ్రే అనే దళిత కవి, గాయకుడు పాడారు. 1997 జూలైలో బొంబాయి రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారని జనం నిరసనకు దిగితే, పోలీసు కాల్పుల్లో పదిమంది చనిపోయారు. కొద్దిరోజులకే ఆ దుఃఖంలో ఘోగ్రే ప్రాణం తీసుకున్నారు. ఆయన కోసం మొదలైన సినిమా 'జై భీమ్ కామ్రేడ్'. పూర్తయ్యేసరికి పద్నాలుగేళ్ళు పట్టింది. ఆ కేసులు, ఆ కుటుంబాలు, ఆ పాటలు పాడే కుర్రాళ్ళు ఎటు పోయారో అన్నేళ్ళు వెంట ఉండి తీశారు. డబ్బు కోసం ఎవరూ ఒక సినిమా మీద పద్నాలుగేళ్ళు కూర్చోరు.

విదేశీ డబ్బు గురించి కూడా ఒక మాట. ఈ దేశంలో డాక్యుమెంటరీలకు దశాబ్దాలపాటు అందరికంటే ఎక్కువ ఖర్చుపెట్టింది మన ప్రభుత్వమే. 1948లో ఫిల్మ్స్ డివిజన్ పెట్టింది. హాల్లో అసలు సినిమాకు ముందు వచ్చే ఆ రీళ్ళు మన పెద్దవాళ్ళందరికీ గుర్తే. 2022లో ఆ సంస్థను జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. బయటి ఫండ్లు ఉన్నాయి, నిజమే. ఒక్కో గ్రాంటుకు ప్రపంచమంతటి నుంచీ దరఖాస్తులు వస్తాయి. ట్రైలర్, బడ్జెట్, పదుల పేజీల ప్రపోజల్ పంపి, నెలల తర్వాత కాదని మెయిల్ అందుకోవడం ఈ వృత్తిలో మామూలు. నాకు తెలిసిన డాక్యుమెంటరీవాళ్ళు మాఘమాసం ముహూర్తాల్లో పెళ్ళిళ్ళు తీసి, ఆ డబ్బుతో మిగతా నెలల్లో తమ సినిమా తీసుకుంటారు. ఇంట్లో టెన్షన్ ఉంటుంది, ఈఎంఐలు ఉంటాయి. ఆ మెసేజ్ చెప్పే జీవితం నేను ఎవరి దగ్గరా చూడలేదు.

ఇక ఎవరూ చూడరన్న మాట. పట్వర్ధన్ తీసిన 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్'ను దూరదర్శన్ వేయనంటే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రసారం చేయాలని 2006లో కోర్టు చెప్పింది. ఎవరూ చూడనిదానికోసం ఒక ప్రభుత్వ సంస్థ అంత దూరం పోరాడదు. ముదుమలై ఏనుగుల శిబిరంలో పనిచేసే దంపతుల మీద తీసిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' 2023లో ఆస్కార్ తెచ్చాక, డాక్యుమెంటరీ ఊసే ఎత్తనివాళ్ళు కూడా ఇళ్ళలో కూర్చుని చూశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల మరణం తర్వాత వచ్చిన ఉద్యమం మీద దీపా ధన్‌రాజ్ 2018లో 'వి హ్యావ్ నాట్ కమ్ హియర్ టు డై' తీశారు. ఇంత దగ్గరి సంగతి మీద వచ్చిన సినిమా గురించి మన జిల్లాల్లో ఎంతమందికి తెలుసు? చూడాలన్న కోరిక లేక కాదు, చూపించే చోటు లేక. మామూలుగా జనానికి హాల్లో వేయాలంటే డాక్యుమెంటరీకి కూడా సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. అది తెచ్చుకున్నా మా విజయవాడ గాంధీనగర్ సినిమా హాళ్ళలో ఒక్క ఆట దొరకడం గగనం.

కాలేజీ సెమినార్ హాలు, లైబ్రరీ పైగది, ప్రొజెక్టరు, ఒక మంచి స్పీకరు ఉంటే చాలు, మొదలుపెట్టొచ్చు. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్ళలో కాలేజీ లెక్చరర్లు ఉన్నారని నాకు తెలుసు. మీ డిపార్ట్‌మెంట్‌లో నెలకొక శనివారం సాయంత్రం ఒక డాక్యుమెంటరీ వేయండి. తీసినవాళ్ళు దగ్గర్లో ఉంటే పిలిచి పిల్లల చేత ప్రశ్నలు అడిగించండి. తెలుగు సబ్‌టైటిల్స్ లేకపోతే, దర్శకులు అనుమతి ఇచ్చిన సినిమాలకు నేను చేసి ఇస్తాను, డబ్బులు అక్కర్లేదు.